పొద్దున్న గిన్నెలో ఏముంది?

శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం అనే ప్రాంతం ఉంది. ఉద్యానం అన్న మాటే ఉద్దానం అయిందని అంటారు. ఉద్యానం అంటే తోట. పేరుకు తగ్గట్టు అక్కడ ఎటు చూసినా తోటలే. కొబ్బరి తోటలు, జీడి తోటలు, పనస చెట్లు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఈ ఊళ్లు ఉన్నాయి.

పచ్చటి ఊళ్లు. కాని చాలా ఇళ్లలో ఒక బాధ ఉంది. అది మూత్రపిండాల జబ్బు. దీన్నే కిడ్నీ జబ్బు అంటారు. ఎన్నో ఏళ్లుగా ఈ జబ్బు అక్కడి జనాన్ని పీడిస్తోంది. ఎందుకు వస్తోందో పరిశోధకులు ఇంకా వెతుకుతూనే ఉన్నారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలయింది.

అలాంటి ఒక ఊళ్లో, ఒక ఇంట్లో జరిగిన కథ ఇది.

డబ్బాలు వచ్చాయి

ఆ ఇంట్లో అత్త, కోడలు, మనవరాలు ఉంటారు. కొడుకు విశాఖపట్నంలో పని చేస్తాడు. నెలకు ఒకసారి ఇంటికి వస్తాడు. మామ నాలుగేళ్ల కిందట కిడ్నీ జబ్బుతోనే పోయాడు. ఇప్పుడు అత్తకూ అదే జబ్బు. ఇంకా డయాలసిస్ దాకా రాలేదు. చక్కెర జబ్బు కూడా లేదు. కాని ఆకలి లేదు. ఏది పెట్టినా రెండు ముద్దలు తిని, పళ్లెం పక్కకు నెట్టేస్తుంది. మనిషి చిక్కిపోయింది.

కోడలికి అత్త అంటే ప్రాణం. మామను కాపాడుకోలేకపోయాం, అత్తనైనా కాపాడుకోవాలి అనుకుంది. రోజూ పొద్దున్నే చోడి అంబలి కాచేది. అందులో బెల్లం వేసేది. పక్కన ఒక అరటిపండు పెట్టేది. వేడి చేస్తుందని, పెరటి చెట్టు నుంచి కొబ్బరి బొండాం దింపించి ఆ నీళ్లు తాగించేది.

ఒక శనివారం కొడుకు వచ్చాడు. సంచిలోంచి రెండు రంగురంగుల డబ్బాలు తీశాడు.

"ఇదేటిరా?" అంది తల్లి.

"మొక్కజొన్న రేకులమ్మా. కార్న్‌ఫ్లేక్స్ అంటారు. పాలల్లో వేసుకుని తినడమే. పట్నంలో అందరూ పొద్దున్న ఇదే తింటారు. ఇది తీపి రేకులు. ఈ రెండోది ఖరీదు ఎక్కువ. ఇందులో ఓట్స్, బాదం, కిస్‌మిస్ ఉన్నాయి. బలం వస్తుంది" అన్నాడు కొడుకు.

మర్నాడు పొద్దున్న మనవరాలు మామ్మకు తీపి రేకులు పాలల్లో వేసి ఇచ్చింది. ఎన్నాళ్లకో అత్త గిన్నె ఖాళీ చేసింది. "బాగుందే! నోటికి రుచిగా ఉంది" అంది.

కోడలికి మాత్రం మనసు ఒప్పలేదు. "డబ్బాలో తిండి మంచిదా? తీపి వేసి మరీ చేశారు. జబ్బు మనిషికి అంబలీ, బొండాం నీళ్లే మంచివి" అంది.

"నువ్వూ నీ అంబలీ! నోటికి పోతే కదే" అంది అత్త.

కొడుకు ఏమీ అనలేక ఊరుకున్నాడు. కోడలు మాత్రం ఊరుకోలేదు. సోమవారం అత్తను పరీక్షకు తీసుకెళ్లాలి. రెండు డబ్బాలూ సంచిలో వేసుకుంది. మనవరాలికి ఆ రోజు బడి సెలవు. ఆ పిల్ల కూడా బయలుదేరింది.

కాగితం మీద 5.9

ఆసుపత్రిలో అత్తకు రక్తం తీశారు. మధ్యాహ్నానికి కాగితం వచ్చింది. అది ఇంగ్లీషులో ఉంది. కోడలికి ఇంగ్లీషు రాదు. కాని రాత్రి బడిలో అంకెలు బాగా నేర్చుకుంది. ఒక వరసలో 5.9 అని ఉంది. దాని పక్కనే, ఎంత ఉండాలో రాసి ఉంది. 3.5 నుంచి 5 వరకు ఉండాలి. అంటే అత్తకు ఎక్కువ ఉంది.

"ఇది ఏటమ్మా? ఎక్కువ ఉంది కదా?" అని నర్సమ్మను అడిగింది.

నర్సమ్మ కాగితం చూసింది. వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లింది. డాక్టరు అత్త గుండెకు ఈసీజీ తీయించారు. అదృష్టం, గుండె బాగానే ఉంది. పొటాషియం తగ్గడానికి మందు రాశారు. మూడో రోజున మళ్లీ రక్తం పరీక్షకు రమ్మన్నారు.

తర్వాత నర్సమ్మ వాళ్లను కూచోబెట్టింది.

"అది పొటాషియం అమ్మా. మామ్మగారు పొద్దున్న ఏం తింటున్నారు?" అని అడిగింది.

కోడలు ధైర్యంగా చెప్పింది. "చోడి అంబలి, బెల్లం, అరటిపండు, బొండాం నీళ్లు. అన్నీ మంచివే పెడుతున్నానమ్మా. ఈ డబ్బా తిండి మాత్రం నిన్న ఒక్క పూటే."

నర్సమ్మ ఒక్క క్షణం ఆగింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "అమ్మా, అవి నీకూ నాకూ మంచివే. మామ్మగారికి మాత్రం ఇప్పుడు మంచివి కావు. వాటన్నింటిలో పొటాషియం ఎక్కువ."

కోడలి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నేనే నా చేత్తో..." అంది. మాట పూర్తి చేయలేకపోయింది.

అత్త కోడలి చెయ్యి పట్టుకుంది. "ఏడవకే. నీకేటి తెలుసు? నాకేటి తెలుసు? ఇప్పుడు తెలిసింది కదా" అంది.

మూత్రపిండాలు ఏం చేస్తాయి?

నర్సమ్మ గోడ మీది బొమ్మ చూపించింది.

"మన నడుము పైన, వెనక వైపు రెండు మూత్రపిండాలు ఉంటాయి. ఒక్కొక్కటి మన పిడికిలి అంత ఉంటుంది. రక్తాన్ని రాత్రీ పగలూ వడపోస్తూ ఉంటాయి. చెడును మూత్రంలోకి పంపిస్తాయి. మంచిని ఒంట్లోనే ఉంచుతాయి. తిండిలో ఉప్పు, పొటాషియం, భాస్వరం ఎక్కువైతే అవే బయటకు పంపేస్తాయి.

"జబ్బు చేసిన మూత్రపిండాలు ఆ పని సరిగా చేయలేవు. ఉప్పు నిలిచిపోతే కాళ్లు వాస్తాయి, రక్తపోటు పెరుగుతుంది. భాస్వరం నిలిచిపోతే దురద పెడుతుంది, ఎముకలు బలం తగ్గుతాయి. పొటాషియం నిలిచిపోతే గుండె కొట్టుకోవడం తప్పుతుంది. మరీ ఎక్కువైతే గుండె ఆగిపోవచ్చు. చాలాసార్లు ముందుగా ఏమీ తెలియదు. అందుకే రక్తం పరీక్ష మానకూడదు. ఒళ్లు తూలినా, కాళ్లు చేతులు సత్తువ లేకుండా అయినా, గుండె దడదడలాడినా వెంటనే ఆసుపత్రికి రావాలి."

తర్వాత ఒక కాగితం మీద లెక్క వేసింది. కోడలు కూడా చూస్తూ చదివింది. ఇవన్నీ సుమారు లెక్కలు. పొటాషియాన్ని మిల్లీగ్రాముల్లో కొలుస్తారు.

ఒక బొండాం నీళ్లు — 500
ఒక అరటిపండు — 400
చోడి పిండి 50 గ్రాములు — 220
మొత్తం — 1120

"బెల్లం లెక్క ఇంకా వేయలేదు. బెల్లంలోనూ పొటాషియం ఉంటుంది. తెల్ల చక్కెరలో దాదాపు లేదు. పొటాషియం తగ్గించుకోవాల్సిన వాళ్లకు రోజు మొత్తానికి 2000 దగ్గర ఆగమంటారు. మామ్మగారికి పొద్దున్నే సగం పైన అయిపోతోంది" అంది నర్సమ్మ.

డబ్బాను చదివారు

అప్పుడు కోడలు సంచిలోంచి డబ్బాలు తీసింది. "మరి వీటి సంగతి ఏటమ్మా?" అని అడిగింది.

"డబ్బా ముందు వైపు బొమ్మలు చూడొద్దు. వెనక్కి తిప్పండి" అంది నర్సమ్మ.

వెనక చిన్న అక్షరాలు ఉన్నాయి. డబ్బాలో ఏమేం కలిపారో అక్కడ రాస్తారు. ఏది ఎక్కువ ఉంటే అది ముందు రాయాలి. ఏది తక్కువ ఉంటే అది తర్వాత రాయాలి. ఇది చట్టం. మనవరాలు ఎనిమిదో తరగతి. కూడబలుక్కుని ఇంగ్లీషు చదివి, తెలుగులో చెప్పింది. తీపి రేకుల డబ్బా మీద మొదట మొక్కజొన్న, తర్వాత చక్కెర, ఆ తర్వాత ఉప్పు అని ఉంది.

దాని కింద గళ్ల పట్టీ ఉంది. 100 గ్రాముల్లో ఏది ఎంత ఉందో అందులో రాసి ఉంది. ఇది కోడలే చదివింది. చక్కెర 30 గ్రాములు. సోడియం 500 మిల్లీగ్రాములు.

"సోడియం అంటే ఏటి?" అంది అత్త.

"ఉప్పులో ఉండేదే సోడియం మామ్మగారూ. రోజు మొత్తానికి 2000 మిల్లీగ్రాములు దాటకూడదు. అంటే ఒక చిన్న చెంచా ఉప్పు. కూరలో, చారులో, ఊరగాయలో, ఎండు చేపలో ఉన్నదంతా అందులోకే వస్తుంది."

"మామ్మ తినేది 100 గ్రాములు కాదు కదా?" అంది మనవరాలు.

"బాగా అడిగావు. చిన్న గిన్నెడు రేకులు 30 గ్రాములు ఉంటాయి. ఇప్పుడు లెక్క వేయి."

మనవరాలు వేసింది. 30 గ్రాముల రేకుల్లో చక్కెర 9 గ్రాములు. అంటే రెండు చిన్న చెంచాలు. సోడియం 150 మిల్లీగ్రాములు. ఒక చెంచా ఊరగాయలో అంతకన్నా ఎక్కువే ఉంటుంది.

పొటాషియం సంగతి ఆ డబ్బా మీద రాసి లేదు. చాలా డబ్బాల మీద రాయరు. నర్సమ్మ తనకు తెలిసినది చెప్పింది. "30 గ్రాముల మొక్కజొన్న రేకుల్లో సుమారు 50 ఉంటుంది. అసలు చూడాల్సింది పాలు. అర గ్లాసు, అంటే 100 మిల్లీలీటర్ల పాలల్లో 150 ఉంటుంది. గ్లాసు నిండా పోస్తే 300. పాలల్లో భాస్వరం కూడా ఉంటుంది. అందుకని పాలు అర గ్లాసు దాటొద్దు."

కోడలు వేళ్ల మీద లెక్క పెట్టింది. 50, 150 కలిపితే 200. ఇంతకు ముందు పెట్టిన గిన్నెలో 1120.

"అయితే ఈ డబ్బా మంచిదేనా?" అంది ఆశ్చర్యంగా.

"మంచి మందు అనుకోవద్దు. అందులో చక్కెర ఉంది, ఉప్పు ఉంది. మామ్మగారికి చక్కెర జబ్బు లేదు. చిక్కిపోతున్నారు, తిండి పోవడం లేదు. కాబట్టి వారానికి రెండు మూడు సార్లు చిన్న గిన్నెడు తినవచ్చు. పైన చక్కెర చల్లొద్దు. అరటిపండు ముక్కలు వేయొద్దు."

"మరి ఖరీదైన డబ్బా?" అంది కోడలు.

మనవరాలు దాన్ని కూడా చదివింది. ఓట్స్, కిస్‌మిస్, బాదం, కోకో. నర్సమ్మ తల అడ్డంగా ఊపింది. "ఇవన్నీ పొటాషియం, భాస్వరం ఎక్కువ ఉన్నవే. మామ్మగారికి ఇది వద్దు. ఇంట్లో మిగతా వాళ్లు తినండి."

"ఎక్కువ డబ్బు పెట్టి అదే కొన్నాడు పిచ్చోడు!" అంది అత్త. అందరూ నవ్వారు.

నర్సమ్మ ఇంకొక చిట్కా చెప్పింది. డబ్బాల్లో కలిపే కొన్ని మందులను అంకెలతో రాస్తారు. 339, 340, 341, 450, 451, 452 అన్న అంకెలు ఉంటే భాస్వరం కలిపారని అర్థం. ఇలా కలిపిన భాస్వరం ఒంటికి త్వరగా పడుతుంది. 508 అని ఉంటే పొటాషియం కలిపారని అర్థం. కోడలు ఆ అంకెలన్నీ నోటు పుస్తకంలో రాసుకుంది.

"ఇంకో మాట. దుకాణాల్లో సోడియం తక్కువ ఉప్పు అని అమ్ముతారు. ఉప్పు మానాలి కదా అని అది కొనొద్దు. అందులో సోడియం తగ్గించి పొటాషియం కలుపుతారు. కిడ్నీ జబ్బు వాళ్లకు అది ప్రమాదం" అంది.

అందరికీ ఒకే గిన్నె కాదు

తిరిగి వస్తుంటే బస్సులో పక్కింటి వదిన కలిసింది. ఆమెకూ కిడ్నీ జబ్బే. పైగా చక్కెర జబ్బు ఉంది. సంగతంతా విని, "అయితే నేనూ తీపి రేకులు తెప్పించుకుంటాను" అంది.

కోడలు వద్దంది. "నీకు చక్కెర జబ్బు ఉంది వదినా. ఇవి తింటే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరుగుతుంది. కిడ్నీ ఇంకా పాడవుతుంది. నీ కాగితం పట్టుకుని నర్సమ్మను అడుగు. నీకు వేరే చెబుతారు."

వెనక వీధి బాబాయికి వారానికి మూడుసార్లు డయాలసిస్ చేస్తారు. ఆయన సంగతి ఇంకా వేరు. డయాలసిస్‌లో ఒంట్లోని మాంసకృత్తులు కొంత బయటకు పోతాయి. అందుకని గుడ్డులో తెల్లసొన లాంటివి ఎక్కువ తినమంటారు. ఉత్త రేకులు తింటే ఆయనకు చాలదు. ఒంట్లో నీరు పెరగకూడదు కాబట్టి, తాగే పాలు కూడా నీళ్ల లెక్కలోకే వస్తాయి.

మూడిళ్లలోనూ జబ్బు పేరు ఒకటే. పొద్దున్న గిన్నెలు మాత్రం వేరు వేరు.

మారిన పొద్దు

ఇంటికి వచ్చాక కోడలు పొద్దున్న తిండి మార్చింది. ఒక రోజు అటుకుల ఉప్మా. ఒక రోజు బియ్యం రవ్వ జావ. జావలో బెల్లానికి బదులు ఒక చెంచా చక్కెర. ఒక రోజు తీపి రేకులు, అర గ్లాసు పాలు. ఉప్మాలో ఉప్పు సగం చేసి, నిమ్మకాయ నాలుగు చుక్కలు పిండింది. ఊరగాయ జాడీ పై అటక ఎక్కింది.

బొండాలు దింపడం మానలేదు. వాటిని సంతలో అమ్మింది. ఆ డబ్బుతో అత్త మందులు కొంది. చోడి అంబలి కూడా మానలేదు. తానూ, కూతురూ తాగుతున్నారు. చోళ్లలో సున్నం ఎక్కువ. జబ్బు లేని వాళ్లకు అది మంచి బలం. తీపి రేకులు మాత్రం కూతురికి రోజూ పెట్టడం లేదు. పళ్లు పుచ్చిపోతాయి, ఒళ్లు వస్తుంది అని చెప్పింది.

మూడో రోజున అత్తను మళ్లీ పరీక్షకు తీసుకెళ్లారు. పొటాషియం 5.4 ఉంది. రెండు వారాల తర్వాత మళ్లీ చూశారు. ఈసారి కాగితాన్ని కోడలే ముందుగా చదివింది. ఆ వరస మీద వేలు పెట్టింది.

"4.8 అత్తా!" అంది.

"ఆ అంకె నాకూ నేర్పవే" అంది అత్త. ఆ సాయంత్రం మనవరాలు మామ్మకు పలక ఇచ్చింది.

గుర్తుంచుకోండి

1. ఒకరికి మంచిదైన తిండి కిడ్నీ జబ్బు ఉన్న వారికి మంచిది కాకపోవచ్చు.
2. ఏది తినాలో, ఏది మానాలో రక్తం పరీక్ష చూసి డాక్టరు చెబుతారు. పక్కింటి వారి పథ్యం మనకు పనికి రాదు.
3. పొటాషియం ఎక్కువ ఉంటే బొండాం నీళ్లు, అరటిపండు, బెల్లం, ఎండు పళ్లు ఆపాలి.
4. చక్కెర జబ్బు ఉన్న వారు తీపి రేకులు తినకూడదు.
5. డబ్బా కొంటే వెనక వైపు చదవాలి. చదవలేకపోతే పిల్లల చేత చదివించుకోవాలి.
6. మన ఇష్టానికి మందులు మానకూడదు. తిండి మారిస్తే జబ్బు అదుపులో ఉంటుంది. మందులకు బదులు తిండి సరిపోదు.

చెప్పండి

1. కోడలు అత్తకు పొద్దున్న ఏమేం పెట్టేది? ఎందుకు పెట్టేది?
2. పొటాషియం ఎక్కువైతే ఏమవుతుంది?
3. ఖరీదైన డబ్బా అత్తకు ఎందుకు పనికి రాలేదు?
4. పక్కింటి వదిన తీపి రేకులు ఎందుకు తినకూడదు?

లెక్క చేయండి

ఒక డబ్బా మీద 100 గ్రాములకు సోడియం 600 మిల్లీగ్రాములు అని ఉంది. 30 గ్రాములు తింటే ఎంత సోడియం తిన్నట్టు?

ఇంట్లో చేయండి

మీ ఇంట్లో ఉన్న బిస్కెట్ పొట్లం కాని, డబ్బా కాని తీసుకోండి. వెనక్కి తిప్పండి. చక్కెర ఎంత, సోడియం ఎంత ఉందో వెతకండి. నోటు పుస్తకంలో రాసుకుని కేంద్రానికి తీసుకు రండి. అందరూ కలిసి చదవండి.